దానంతట అదే విప్పుకునే మూట

ఆబిడ్స్‌లో సెల్లార్ షాపుల్లో పనిచేసినవాళ్లకు వాన పడుతోందని ఎవరూ చెప్పక్కర్లేదు, ముందు కాళ్లకు తెలుస్తుంది. అలాంటి ఒక సెల్లార్లో, డ్రైనేజీ వాసనా టోనర్ వాసనా కలిసిపోయిన గదిలో, నా వయసులో మంచి భాగమంతా తెలుగు డీటీపీ చేస్తూ గడిపాను. పెళ్లి కార్డులు, దశదిన కర్మ కార్డులు, బడి ప్రశ్నపత్రాలు, జ్యోతిష్యుల కరపత్రాలు. పొద్దున ఒకరి పెళ్లి, మధ్యాహ్నం ఒకరి చావు, సాయంత్రం ఇంకొకరి గృహప్రవేశం. వచ్చినవాళ్లు నన్ను "టైపింగమ్మా" అని పిలిచేవారు. ఆ పిలుపు వింటే ఒళ్లు మండేది. వాళ్ల ఇంటిపేర్లు, గోత్రాలు, వియ్యంకుల తగాదాలు అన్నీ నాకు తెలుసు. నాకో పేరుంటుందని మాత్రం వాళ్లలో ఒక్కరికీ తోచలేదు.

మా పనిలో ఒక ఆచారం ఉంది. బయటివాళ్లకు వింతగా ఉంటుంది. మేం కొట్టేది పాతకాలం తెలుగు ఫాంట్లలో. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే తెలుగు కనిపించదు, చీమలు తొక్కిన సిరాలాగా ఏవో గీతలు కనిపిస్తాయి. అందుకని ఫాంటు ఎవరి దగ్గరుంటే పని వాళ్లది. ఏ ఆపరేటరూ ఇంకొకరికి ఫాంట్లు ఇవ్వడు, ఎక్కడ పెట్టాడో చెప్పడు. నాకు పని నేర్పిన ఉస్తాద్ ముఖ్యమైన చోటుకు రాగానే స్క్రీన్ అటు తిప్పుకునేవాడు. "బిడ్డా, జర చాయ్ చెప్పి రాపో" అనేవాడు. నేను చాయ్ చెప్పి వచ్చేసరికి పని అయిపోయి ఉండేది. అలా చాయ్‌కని తరిమినప్పుడల్లా తలుపు సందులోంచి చూసి నేర్చుకున్నాను. నా వంతు వచ్చాక నేను ఆయన్ను మించిపోయాను. ఫైళ్లకు పేర్లు కూడా నాకు తప్ప ఎవరికీ అర్థం కాకుండా పెట్టేదాన్ని. "చాదర్‌ఘాట్ మీసాలు", "ఏడ్చే పెళ్లికొడుకు", "బాకా ఆంటీ". పోయినేడు కొట్టించిన కార్డు మళ్లీ కావాలని ఎవరైనా వస్తే, ఆ కంప్యూటర్లోంచి దాన్ని తీయగలిగింది నేనొక్కదాన్నే. అది నా తెలివి కాదు, నా ఉద్యోగం.

మా సార్ వాళ్ల నాన్న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ప్రెస్సు పెట్టారట. సార్ ఎప్పుడూ గొంతు పెంచరు. అందరినీ "అండీ" అంటారు, కుర్చీని కూడా అంటారేమో అనిపిస్తుంది. అంత మర్యాద ఉన్న మనిషిని నేను అంతగా నమ్మి ఉండకూడదు. కానీ ఆ మర్యాద నాకు ఇంట్లో కూడా దొరికేది కాదు.

ఆ సార్ ఒకరోజు ఒక పిల్లను తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టారు. డిగ్రీ చదివింది. ఫోన్‌లో రెండు బొటనవేళ్లతో తెలుగు టకటకా కొడుతుంది గానీ మా కీబోర్డు ముందు కూర్చుంటే "క్ష" ఎక్కడుందో వెతకడానికి పూట పట్టేది.

"అక్కా, గీ ఫాంట్ ఏడుంది?" అని అడిగింది మొదటిరోజు.

"నా నెత్తి మీద ఉంది, చూస్కో" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు. తర్వాత ఒకసారి ఆమె ఒక దశదిన కర్మ కార్డు తయారుచేస్తూ, పైన వినాయకుడి బొమ్మ పెట్టి, నాలుగు మూలలా పసుపు రంగు పూసింది. నేను చూశాను. ప్రింటుకు పంపేదాకా నోరు మెదపలేదు. తండ్రి పోయినాయన వచ్చి కార్డుల కట్ట విప్పి, "ఏందమ్మా గిది, మా నాయిన సచ్చిండా, ఆయన పెండ్లా?" అని అరుస్తుంటే, ఆ పిల్ల మొహం సున్నం కొట్టినట్టయింది. నాకు ఆ రోజు కడుపు చల్లబడింది. ఇప్పుడు తలుచుకున్నా నవ్వే వస్తుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి!

అప్పుడే హిమాయత్‌నగర్ మాట వచ్చింది. అక్కడ మెయిన్ రోడ్డు మీద సార్ రెండో షాపు తెరుస్తున్నారు. సెల్లార్ కాదు, రోడ్డు మీదికి అద్దాలు, లోపల ఇన్‌ఛార్జికి విడిగా అద్దాల గది. "మేడమ్ గారూ, అక్కడ మీరుంటే నాకు ఫికర్ ఉండదండీ" అన్నారు సార్. అంతే అన్నారు. అది మాట ఇచ్చినట్టో కాదో నేను ఆలోచించలేదు. నాకు గాల్లో తేలినట్టయింది.

ఆ గది నాకు ఎందుకంత కావలసి వచ్చిందో చెప్పాలి. మా ఆడబిడ్డ ఇల్లు హిమాయత్‌నగర్లోనే. వాళ్లింటికి ఎప్పుడు వెళ్లినా, వచ్చినవాళ్లకు నన్ను "మా వదిన, గాడ ఆబిడ్స్ల టైపింగ్ చేస్తది" అని చూపించి, ఆ వెంటనే నా చేతికి ఉల్లిగడ్డల గిన్నె ఇచ్చేది. ఆమె కూరగాయలకు పోయే దారిలోనే మా కొత్త షాపు. నేను అద్దాల వెనక కూర్చుని ఉంటే ఆమె చూడాలి. ఈ ఒక్క కోరిక కోసం ఎన్ని గొప్పలు పోయానో! ఇంకా బోర్డు కూడా కట్టకముందే చుట్టాలందరికీ చెప్పేశాను. మా ఆయన అఫ్జల్‌గంజ్‌లో హోల్‌సేల్ దుకాణంలో పనిచేస్తాడు, నోరు తక్కువ మనిషి. "కాగితం మీద రాసిచ్చిండా?" అని మాత్రం అడిగాడు. ఆ రాత్రి ఆయనతో మాట్లాడలేదు.

సార్ ఒక పని పెట్టారు. పాత ఫైళ్లన్నీ రెండు షాపుల్లోనూ ఉండాలి, ఎవరు కూర్చున్నా తెరుచుకోవాలి. "గీతలు రాకూడదండీ, ఫాంటు లేదనే మాట వినిపించకూడదండీ" అన్నారు. ఇది మామూలుగా చేసే పని కాదు. నేను ఇంటర్నెట్లో వెతికి ఒక దారి పట్టుకున్నాను. ఫైళ్లను నొక్కి చిన్న మూటగా కట్టే సాఫ్ట్‌వేర్లు అందరికీ తెలుసు. అలాంటి మూట విప్పాలంటే అవతలి కంప్యూటర్లో కూడా అదే సాఫ్ట్‌వేర్ ఉండాలి. కానీ అదే పనిని కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీలో కమాండ్ కొట్టి చేస్తే, విప్పే విద్యను కూడా మూటలోనే పెట్టి కట్టొచ్చు. కమాండ్‌లో ఎస్‌ఎఫ్‌ఎక్స్ అని ఒక మాట చేరిస్తే చాలు. అప్పుడా మూట ఒక ప్రోగ్రామ్ అవుతుంది. రెండుసార్లు క్లిక్ చేస్తే దానంతట అదే విప్పుకుంటుంది.

ఆ నల్ల కిటికీ నన్ను మొదట్లో ఏడిపించింది. చుక్క తప్పితే తిట్టేది, ఖాళీ ఎక్కువైతే తిట్టేది. ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలని తెలియడానికి ఒక పూట పోయింది. కానీ ఒకసారి చేయి కుదిరాక, ఆ పనిలో నాకున్న సంతోషం పెళ్లి కార్డుల్లో ఎన్నడూ లేదు. మూట విప్పే ముక్క, మూట తెరుచుకోగానే ఏం చేయాలో చెప్పే చిన్న కాగితం, అసలు ఫైళ్లు, మూడింటినీ ఒక్క కమాండ్‌తో అతికిస్తే ఒక్క ఫైలయ్యేది. దాన్ని తెరిస్తే కార్డు మేటరు తన ఫోల్డర్లోకి పోతుంది, ఫాంట్లు ఫాంట్ల చోటికి పోతాయి, కార్డు తెరమీదికి వస్తుంది. నా దొంగపేర్లన్నీ తీసేసి ఇంటిపేరు, ఊరు, ఏ సందర్భమో అన్నీ వరసగా పెట్టాను. ఎన్నో ఏళ్లు దాచుకున్న ఫాంట్లన్నీ మూటల్లోకి ఎక్కించాను. ఉస్తాద్ చూసి ఉంటే నా చేతులు విరగ్గొట్టేవాడు.

ఎందుకు చేశానంటే, ఆ పిల్ల మీద నమ్మకం లేక. నేను హిమాయత్‌నగర్ వెళ్లాక ఆబిడ్స్‌లో ఈ మొద్దు కూర్చుంటుంది, రోజూ ఫోన్ చేసి నా ప్రాణం తీస్తుంది, కాబట్టి దీనికి ఆలోచించే పనే లేకుండా చేయాలి అనుకున్నాను. మూట తెరవగానే ఒక చిన్న కిటికీలో మనకు నచ్చిన మాట కనిపించేలా పెట్టుకోవచ్చు. నేను తెలుగులో పెట్టాను. "ఓకే నొక్కు. ఇంకేదీ ముట్టుకోకు." పని అయ్యాక ఇంకో కిటికీ. "అయిపోయింది. తెలివి చూపించకు, ప్రింట్ కొట్టు." ఆ పిల్ల అది చదివి తల వంచుకునేది. నాకు సరదాగా ఉండేది. ఆమెకు బుర్ర లేదని ఊరంతా చాటాలనే ఆత్రంలో, ఆ కుర్చీలో కూర్చునేవాళ్లకు బుర్రే అక్కర్లేకుండా చేశాను. ఇంత చిన్న లెక్క నా బుర్రకు ఎక్కలేదు.

సార్‌కు మౌస్ సరిగా పట్టుకోవడం కూడా రాదు. ఒకరోజు వచ్చి తానే ఒక మూట మీద రెండుసార్లు నొక్కారు. ఎప్పటిదో ఉపనయనం కార్డు, ఒత్తులూ పొల్లులూ చెక్కుచెదరకుండా తెరమీదికి వచ్చింది. "నాకే వచ్చేసిందండీ మేడమ్ గారూ!" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను. అప్పుడు కూడా అర్థం కాలేదు. పైగా డిస్క్‌లో జాగా లేదు, పాతవి తీసేయమన్నారు. కమాండ్ చివర ఎస్, డీ, ఈ, ఎల్ అని నాలుగు అక్షరాలు చేరిస్తే, మూట కట్టడం అవగానే అసలు ఫైళ్లను అదే చెరిపేస్తుంది. చేర్చాను. ఒక్కో ఫోల్డరూ మూటగా మారుతూ, వెనకాల ఖాళీ అవుతూ పోయింది. కాఫీ తాగుతూ చూశాను.

కొత్త షాపు తెరిచేముందు శనివారం, సాయంత్రం నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. మిఠాయి పెట్టె తెచ్చారు, శాలువా తెచ్చారు. సార్ నా గురించి మాట్లాడారు, అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా ఆ పిల్ల చేత కప్పించారు, ఫోటో తీశారు. హిమాయత్‌నగర్ సంగతి ఇప్పుడు చెబుతారని నేను పైట సర్దుకుని కూర్చున్నాను. "ఇన్నేళ్లు కష్టపడ్డారండీ. ఇక మీకు విశ్రాంతి కావాలండీ" అన్నారు. నాకు మొదట అర్థం కాలేదు. "అక్కడ ఈ అమ్మాయి చూసుకుంటుందండీ. ఇక్కడికి ఇంకో అమ్మాయిని చూశాం. మీరు అన్నీ అంత తేలిగ్గా చేసిపెట్టారు కదండీ" అన్నారు. ఆ మాట నన్ను పొగుడుతున్నట్టే అన్నారు. ఆయన నిజంగానే పొగుడుతున్నారనుకుంటాను, అదే ఇంకా ఘోరం.

శాలువా మడతపెట్టుకుని ఇంటికి వచ్చాను. మా ఆయన కంచంలో అన్నం పెట్టి ఇచ్చాడు, కాగితం మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే తిట్టడానికైనా ఉండేది. ఆడబిడ్డ మాత్రం ఫోన్ చేసింది. "వదినా, మీ షాపు ముంగట్నుంచే వచ్చిన. లోపల ఎవరో పిల్ల కూసుంది, నువ్వు కనవడలే?" అంది. కనబడనని ఆమెకు ముందే తెలుసు, గొంతులోనే తెలిసిపోయింది.

తర్వాత నాంపల్లిలో కోర్టు దగ్గర ఒక జిరాక్స్ షాపులో పని దొరికింది. అఫిడవిట్లు, వకాలత్‌నామాలు. కూర్చోవడానికి స్టూలు, నెత్తిమీద రేకులు. రోజంతా వినేవి రెండే మాటలు, "జల్దీ" అనీ "స్పెల్లింగ్ తప్పు" అనీ. అక్కడ నేను దాచుకోవడానికి ఏమీ లేదు, నా దగ్గర దొంగిలించడానికీ ఏమీ లేదు.

శ్రావణం పెళ్లిళ్ల రద్దీ మొదలయ్యాక ఆ పిల్ల ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"అక్కా, అన్ని పోయినయ్. ఒక్క ఫైల్ లేదు. రెండు షాపులల్ల గంతే. నిన్న కొత్త యాంటీవైరస్ ఎక్కిచ్చిన్రు, పొద్దుగాల చూస్తే ఫోల్డర్ ఖాళీ."

ఏం జరిగిందో ఆమె మాట పూర్తికాకముందే తెలిసిపోయింది. తనంతట తాను విప్పుకుని, ఎవరినీ అడగకుండా ఫాంట్ల ఫోల్డర్లో చేయి పెట్టే ఫైలు, దాని మీద ఏ కంపెనీ పేరూ లేదు. యాంటీవైరస్ కంటికి అది అచ్చం దొంగ. అసలు ఫైళ్లేమో ఆ నాలుగు అక్షరాలతో ఎప్పుడో పోయాయి. కానీ యాంటీవైరస్ వెంటనే చంపదు. అనుమానం ఉన్నవాటిని ముందు ఒక పక్కన పెట్టి తాళం వేస్తుంది. క్వారంటైన్ అంటారు. అక్కడికి వెళ్లి విడిపించి, ఈ ఫోల్డర్ జోలికి రావద్దని దానికి చెబితే సరి. చాయ్ తాగినంత సేపు పని.

"అక్కా, హార్డ్‌వేర్ ఆయన వచ్చిండు. వైరస్ అంట, సాయంత్రం ఫార్మాట్ కొడ్తడంట. సార్ నా మీద పడ్తుండు. నా కొలువు పోతదక్కా" అంది.

ఫార్మాట్ కొడితే క్వారంటైన్‌తో సహా అంతా పోతుంది. నా జీవితమంతా అందులో ఉంది, నిజమే. కానీ ఆ పిల్ల కొలువు పోతుందన్న మాట చెవికి ఎంత తియ్యగా ఉందో! "గట్లనా? అయ్యో" అని పెట్టేశాను. అంతలో సార్ ఫోన్. ముందు, "మీరు కావాలని వైరస్ పెట్టి వెళ్లారేమోనని హార్డ్‌వేర్ ఆయన అంటున్నాడండీ, పోలీసుల దాకా వెళ్లడం నాకిష్టం లేదండీ" అన్నారు. "ఫార్మాట్ చేసుకోండి సార్, శుభంగా ఉంటుంది" అన్నాను. ఆయన గొంతు ఇంకా మెత్తబడింది. "మీరోసారి రండి మేడమ్ గారూ. హిమాయత్‌నగర్ సంగతి కూడా కూర్చుని మాట్లాడుకుందామండీ" అన్నారు.

మా ఆయనకు ఫోన్ చేస్తే, "ముందుగాల మాట తీస్కో, ఎన్కసీరి చెయ్యి పెట్టు" అన్నాడు. సరే అన్నాను. ఇంటికి వెళ్లి బీరువాలోంచి మంచి చీర తీసి కట్టుకుని, ఆటో ఎక్కి ఆబిడ్స్ వెళ్లాను.

సెల్లార్లో నా కుర్చీ ఖాళీగా ఉంది, తుడిచి పెట్టారు. సార్ లేచి నిలబడ్డారు. "సార్, హిమాయత్‌నగర్..." అన్నాను. "తప్పకుండా అండీ. ముందు ఇది చూడండి, ఆ ఫార్మాట్ అతను వచ్చేస్తాడు" అన్నారు. ఖాళీ ఫోల్డర్ తెరమీద ఉంది. చీమ కూడా లేని ఆ తెల్లటి జాగా చూడగానే మాట తీసుకోవాలన్న సంగతే మర్చిపోయాను. కోపం వచ్చింది, యాంటీవైరస్ మీద, ఆ పిల్ల మీద. కూర్చున్నాను.

చేస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు. "చూడు, గీడ చూడు. గీ మూలకున్న బొమ్మ మీద నొక్కాలె. గిది గూడ తెల్వదా, డిగ్రీ చదివినవంట! గాడ హిస్టరీ అని ఉన్నది కద, కండ్లు లేవా? ఒక్కొక్కటి పట్టుకుంట కూసోకు, అన్ని ఒక్కసారి పట్టు, రీస్టోర్ కొట్టు. ఇగ గీ ఫోల్డర్‌ని ముట్టద్దని చెప్పాలె, లేకుంటె రేపు మళ్ల మింగుతది." అలా ప్రతి అడుగుకూ ఒక తిట్టు పెట్టి చేశాను. ఆ పిల్ల "ఔ అక్కా, ఔ అక్కా" అంటూ నా భుజం వెనక నిలబడింది. మూటలన్నీ వరసగా తిరిగొచ్చాయి. ఒకదాన్ని తెరిచాను. "ఓకే నొక్కు. ఇంకేదీ ముట్టుకోకు" అన్న నా మాట కనిపించింది, ఆ వెనకే ఎవరిదో పెళ్లి కార్డు. ఒక్కటి కూడా పోలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సార్ వైపు తిరిగాను.

ఆయన నన్ను కాదు, ఆ పిల్లను చూస్తున్నారు. "వీడియో మొత్తం తీశావా అమ్మా?" అన్నారు.

"ఔ సార్. మొదటి నుంచి ఉన్నది" అంది. అప్పుడు చూశాను, చేతిలో ఫోన్.

"అయితే ఇంకోసారి ఇలా అయినా మేడమ్ గార్ని ఇబ్బంది పెట్టక్కర్లేదు" అన్నారు సార్, నిజంగా నా మీద జాలితోనే. తర్వాత నా వైపు తిరిగి, "హిమాయత్‌నగర్లో అమ్మాయికి అలవాటైపోయిందండీ. ఇప్పుడు మారిస్తే బాగుండదండీ. ఆటో చెప్పమంటారా?" అన్నారు.

ఆ కంప్యూటర్‌ను ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. చీర కుచ్చిళ్లు పట్టుకుని మెట్లెక్కాను. ఆ పిల్ల వెనకాలే పరిగెత్తుకొచ్చింది. ఆమె మొహంలో ఎగతాళి ఉంటే బాగుండేది. లేదు, బతికిపోయానన్న సంతోషమే ఉంది.

"అక్కా, మస్తు థ్యాంక్స్. మధ్య మధ్యల నన్ను తిట్టిన్రు కద, గవన్ని కట్ చేస్త. కొత్త పిల్లలకు గూడ గిదే చూపియ్యాలె."

"నా మొహం వచ్చిందా అండ్ల?" అని అడిగాను. అడిగినందుకు నామీద నాకే అసహ్యం వేసింది. అయినా వచ్చి ఉండాలనే కోరుకున్నాను.

ఆ పిల్ల అక్కడే నిలబడి వీడియో కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు జరిపి చూసింది.

"లేదక్కా" అంది. "చేతులే వచ్చినయ్. కానీ మస్తు సాఫ్ వచ్చినయ్."

మెట్ల మీద జనం ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. నేను పక్కకు జరిగి వాళ్లకు దారిచ్చి, నాంపల్లి వైపు నడిచాను.